కొంగు చాటు పళ్ళు

మా ఆయన నాకేదైనా చేసిపెడతానంటే ముందు సంతోషం రాదు, అనుమానం వస్తుంది. పెళ్ళైన కొత్తలో చీర తెస్తే ఎవరో వద్దన్న చీరేమోనని అంచు తిరగేసి చూశాను. అలాంటిది, ఒక ఆదివారం పొద్దున చాయ్ తాగుతూ ఉన్నట్టుండి నా పళ్ళ సంగతి ఎత్తితే ఊరుకుంటానా?

"హన్మకొండ చౌరస్తాల కొత్తగ పండ్ల డాక్టర్ వచ్చిండట. మరకలున్న పండ్ల మీద తెల్లటి తొడుగులు ఏస్తాండట. ఓపారి పోయి చూపిచ్చుకోరాదు" అన్నాడు. అనేసి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ అడ్డం పెట్టుకోవడమే నాకు నచ్చలేదు. చెప్పదలచిన మనిషి మొహం చూసి చెప్పాలి.

నా ముందుపళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. నావే కాదు, జనగామ దిక్కున్న మా పల్లెలో పుట్టి పెరిగినవాళ్ళందరి పళ్ళూ అంతే. బావినీళ్ళ మహిమ. బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి అన్నీ పెట్టి తోమాం. చిగుళ్ళు మండాయి తప్ప చారలు పోలేదు. అందుకని మా ఊరి ఆడపిల్లలకు చిన్నతనంలోనే ఒక అలవాటు పడుతుంది. ముందు చెయ్యి నోటికి పోతుంది, తరువాత నవ్వు వస్తుంది. ఓణీలు వేసిననాటి నుంచి చేతికి తోడు కొంగు.

బయటి ఊళ్ళవాళ్ళు దీన్ని మర్యాద అనుకున్నారు. ఆ ఊరి పిల్లలు పళ్ళు కనపడేలా నవ్వరు, పెద్దల ముందు కొంగు దించరు అని మాకు పేరు వచ్చేసింది. నర్సంపేట నుంచి మా అత్త ఏరికోరి నా సంబంధానికి వచ్చింది ఆ పేరు వినే. పెళ్ళిచూపుల్లో నేను కొంగు తీయకపోతే "పిల్లకు ఎంత సిగ్గున్నదో" అని మురిసిపోయింది. మావాళ్ళు కిక్కురుమనలేదు. అసలు సంగతి పెళ్ళి తరువాత గానీ బయటపడలేదు. అప్పటికే ఆమె చుట్టాలందరికీ నా మర్యాద గురించి గొప్పలు చెప్పుకుంది, ఇక మాట మార్చుకోలేకపోయింది.

మా ఆయన మాత్రం నా పళ్ళ గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. రైల్వే ఉద్యోగం ఆయనది. డోర్నకల్‌లో ఉన్నన్నాళ్ళూ అనలేదు, బదిలీ మీద వరంగల్ వచ్చి శివనగర్‌లో అద్దెకు దిగాకా అనలేదు. బిడ్డ పుట్టి, అది బడికి కూడా పోతోంది. ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకు గుర్తొచ్చింది? ఆ మధ్యే స్టేషన్‌లో టికెట్లిచ్చే చోట ఒక అమ్మాయి కొత్తగా చేరిందని ఆయనే చెప్పాడు. పళ్ళు ఎలా ఉంటాయో మాత్రం చెప్పలేదు. ఏదో పని కల్పించుకొని స్టేషన్‌కు పోయి చూసి వచ్చాను. ఆమెకు ఎత్తుపళ్ళు. మనసు కాస్త కుదుటపడింది గానీ పూర్తిగా పడలేదు.

చూపించుకుంటే పోయేదేముందని ఒక్కదాన్నే బస్సెక్కి డాక్టరు దగ్గరికి పోయాను. గాజు బీరువాలో తెల్లటి పళ్ళ వరసలు పెట్టి ఉన్నాయి. గోడ మీద ఒకే మనిషివని చెప్పే రెండు ఫోటోలు, ఒకదాంట్లో మరకల పళ్ళు, ఇంకోదాంట్లో ముత్యాల్లాంటి పళ్ళు. పైపెదవి దగ్గరున్న పుట్టుమచ్చ రెండోదాంట్లో లేదు. నేను కనిపెట్టానని తెలియనివ్వకుండా కుర్చీలో కూర్చున్నాను.

డాక్టరు చిన్న అద్దం నోట్లో పెట్టి చూశాడు. ఏదో ఇనుప పుల్లతో టక్కుటక్కున కొట్టాడు. "ఏ ఊరమ్మా?" అన్నాడు. చెప్పాను. "అనుకున్నాను. నీళ్ళ వల్లే" అన్నాడు. మాట కృష్ణా వైపు మాట. అదీ నాకు ఒక అనుమానమే, అంత దూరం నుంచి మా పళ్ళ కోసం ఎందుకొచ్చినట్టు?

తొడుగు వేయాలంటే పన్నును నాలుగు వైపులా అరగదీయాలని, సగానికి సగం చిక్కిపోయాక దాని మీద తొడుగు అతికిస్తానని చెప్పాడు.

"అరగదీసినంక పన్ను మల్ల పెరుగుతదా?" అని అడిగాను.

"పెరగదు. ఇక ఎప్పటికీ తొడుగుతోనే ఉండాలి. అది పగిలితే ఇంకోటి వేయించుకోవాలి. పుచ్చిన పళ్ళయితే నేనే వేయించుకోమంటాను. మీవి గట్టి పళ్ళమ్మా, చారలు తప్ప వాటికి ఏ జబ్బూ లేదు. బాగా ఆలోచించుకొని రండి. తొందరేమీ లేదు" అన్నాడు.

తన సరుకు తానే వద్దనే మనిషిని నేనెక్కడా చూడలేదు. నా నేతచీర చూసి అంత డబ్బు ఇచ్చుకోలేదనుకున్నాడా? వద్దంటే నేనే వెంటపడతానని ఎత్తు వేశాడా? వేయించుకోమని ఉంటే మోసమనుకునేదాన్ని, వద్దంటే చులకన అనుకున్నాను. పాపం, ఆ డాక్టరు ఏమన్నా నాతో గెలిచేవాడు కాదు.

పక్క వాటాలో ఉండే ముస్లిం పెద్దామెకు, నేను ఆపా అని పిలిచే ఆమెకు మాత్రం చెప్పాను. ఆమె పెద్దగా నవ్వింది. "మా అత్త జమానాల మిస్సీ పొడి రాసుకొని పండ్లు నల్లగ చేసుకునేటోళ్ళు. నల్లగ మెరుస్తెనే అందం అనేటోళ్ళు. నా షాదీల నాకూ రాసిండ్రు. గిప్పుడేమో తెల్లగుండాల్నంటాండ్లు. ఫికర్ చెయ్యకు, జర ఆగితె మల్ల మారుతది" అంది. అది నిజమో, నన్ను ఓదార్చడానికి అల్లిందో తేల్చుకోలేకపోయాను.

అబద్ధమెందుకు, నాకు ఆ తొడుగులు కావాలనే ఉంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఎదుటి సీటామె నోరారా నవ్వుతుంటే నా కడుపు మండింది. గట్టి పళ్ళు, గట్టి పళ్ళు అంటాడు డాక్టరు. ఆ గట్టిదనంతో ఇన్నేళ్ళుగా నేను పడ్డ సుఖమేమిటి? కానీ ఒకసారి అరగదీస్తే పోయిన పన్ను పోయినట్టే. ఎవరి కోసం పోగొట్టుకుంటున్నానో తెలియకుండా కుర్చీ ఎక్కదలచుకోలేదు.

ఆ సాయంత్రం ఆయన డ్యూటీ దిగి రాగానే అడిగేశాను. "ఎవరు చెప్పమన్నరు మీకు? సీదగ చెప్పుండ్రి. నా పండ్లు చూస్తె నామోషీ అయితాందా?"

"నామోషీ అయితె ఇన్నేండ్లు ఊకుందునా?" అన్నాడు.

"మరెందుకు?"

ఆయన వాకిట్లో ఆడుకుంటున్న బిడ్డ వైపు చూసి గొంతు తగ్గించాడు. "అది అడిగింది. అమ్మకు నవ్వితె పండ్లు నొస్తయా బాపూ అని. నవ్వొచ్చినప్పుడల్ల నువ్వు నోరు ఒత్తి పట్టుకుంటవ్ గద. నొప్పికే పట్టుకుంటవనుకున్నది. గందుకే నవ్విచ్చే ముచ్చట్లు నీకు చెప్తలేదు. నాకే చెప్తాంది. నీకు చెప్పద్దని ఒట్టేయిచ్చుకున్నది. పండ్లు తెల్లగైతె నువ్వు చెయ్యి అడ్డం పెట్టవనుకున్న."

వాళ్ళిద్దరూ గుసగుసలాడుకోవడం, నేను పోగానే ఆపేయడం చాలాసార్లు చూశాను. తండ్రి దానికి నా మీద ఏవో ఎక్కిస్తున్నాడనుకున్నాను. అది నన్ను కాపాడుతోందని నాకేం తెలుసు? ఏడుపొచ్చింది. వంటింట్లోకి పోయి ఏడ్చాను.

తొడుగులు వేయించుకున్నా నా చెయ్యి నోటికి పోక మానదని నాకు తెలుసు. డాక్టరు దగ్గరికి ఇక పోవద్దనుకున్నాను.

మర్నాడు పొద్దున బిడ్డకు జడ వేస్తూ బడిలో ఏమైందో చెప్పమన్నాను. అది తండ్రి వైపు చూసింది. ఆయన తల ఊపాడు. మేక ఒకటి తరగతిలోకొచ్చి సారు సంచిలోని రొట్టె నోట కరుచుకొని ఉరికిందట. సారు మేక వెనక, పిల్లలందరూ సారు వెనక. చెబుతున్నంతసేపూ నా మొహం భయంభయంగా చూస్తూనే ఉంది.

నాకు నవ్వొచ్చింది. చెయ్యి దానంతటదే లేచింది. రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా అదిమి పట్టుకొని నవ్వాను.

బిడ్డ నవ్వలేదు. సగం అల్లిన జడతోనే ఇటు తిరిగి దగ్గరికొచ్చి, నా ముందుపన్ను మీద వేలు పెట్టి నొక్కింది.

"నొస్తాందా?"

"నొస్తలేదు బిడ్డా" అన్నాను.

నమ్మలేదు. అనుమానానికి అచ్చం నా పోలికే. పక్క పన్ను కూడా ఇంకాస్త గట్టిగా నొక్కి, నా కళ్ళల్లోకి చూసి, అప్పుడు గానీ నవ్వలేదు.