గుంత మగ్గంలో నీళ్లు

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నారాయణపేటలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేసేదాన్ని. సెలవుల్లో రెండు వారాలు సేవ చేయడానికి విదేశాల నుంచి వచ్చే విద్యార్థులకు ఊళ్లో ఏదో ఒక పని చూసిపెట్టడం నా ఉద్యోగం.

ఆ ఏడాది నేతవాళ్ల గల్లీకి సిమెంటు రోడ్డు వేయాలని ప్లాను గీశాను. వానొస్తే అక్కడ మోకాలి లోతు బురద. పని చిన్నది, రెండు వారాల్లో అయిపోతుంది, ఫొటోలకు బాగుంటుంది. నిజం చెప్పాలంటే అంతకు మించి ఆలోచించలేదు.

కొలతలు తీస్తున్న రోజు గల్లీ చివర, పల్లంలో ఉన్న ఇంట్లోంచి ఒక ముసలమ్మ బయటికొచ్చింది. భర్త పోయాక ఒంటరిగా మగ్గం మీదే బతుకుతున్న మనిషి. నా చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. నేలలో తవ్విన గుంత, అందులో కాళ్లు పెట్టి కూర్చుని నేసే మగ్గం. దాని మీద సగం నేసిన ముదురు ఎరుపు చీర.

“బిడ్డా, గల్లీ ఎత్తయితే నీళ్లన్నీ గీ ఇంట్లకే దిగుతయి. మగ్గమేమో గుంతల ఉన్నది. జర చూడు.”

“ఫికర్ చేయకవ్వా. నీళ్లు పోనీకి రోడ్డు పక్కన మోరీ గూడ కడ్తం” అన్నాను.

అబద్ధం కాదు. ప్లానులో మోరీ ఉంది. కానీ ఆ విద్యార్థులు కంకర మోయడం, సిమెంటు మాలు కలపడం నేర్చుకునేసరికే మొదటి వారం గడిచిపోయింది. రోడ్డు పూర్తయ్యేసరికి సెలవులు అయిపోయాయి. మోరీని తర్వాతి బృందానికి వదిలేద్దామన్నారు మా పెద్దసారు. నాకు ముసలమ్మ గుర్తుకు రాలేదని చెప్పలేను. వచ్చింది. అయినా తలూపాను.

మృగశిర కార్తెలో పెద్ద వాన పడింది. తెల్లారి పరుగున వెళ్లాను. ఆవిడ గుంతలోంచి చెంబుతో నీళ్లు తోడుతోంది. పడుగు పోగులు బురదలో తేలుతున్నాయి. నేనూ ఒక గిన్నె తీసుకుని దిగాను. గుంత అడుగు కనిపించేదాకా ఇద్దరం తోడాం.

“నన్ను తిట్టవ్వా” అన్నాను చివరికి.

“తిడితే పడుగు మంచిగయితదా బిడ్డా?”

ఆ వారమే గల్లీవాళ్లు గడ్డపారలు పట్టి మోరీ తవ్వారు. నేనూ తవ్వాను. మళ్లీ నీళ్లు ఆ గడప దాటలేదు. తర్వాతి బృందం రానే లేదు. ఆవిడ మాత్రం మళ్లీ నేయలేదు. కొత్త పడుగు ఎక్కించుకునే ఓపిక లేదంది. పక్కింటి మగ్గానికి నూలు కండెలు చుట్టే పనికి కుదిరింది.

ఉద్యోగం మారి నల్లగొండ వెళ్లిపోయే ముందు చూడ్డానికి వెళ్లాను. గుంతను మట్టితో పూడ్పించి, పైన బండలు పరిపించింది. ఎక్కడ కాలు పెట్టాలో తెలియక గోడ పక్కనే నిలబడ్డాను.

“గట్ల నిలబడ్డవేంది? కూసో బిడ్డా. జాగా మంచిగనే అయింది, పండుకునేటందుకు.”

కూర్చున్నాను. పక్కింట్లో మగ్గం ఆడుతోంది. మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ చెవి అటే ఉంది.