గద్దె దిగిన మామ

నిన్న మా ఆయన సోఫాలోంచి కదలకుండానే మంచినీళ్ళు అడిగారు. వంటింట్లో బిందె ఉంది, పక్కనే గ్లాసుంది, మనిషికి రెండు కాళ్ళున్నాయి, ఇంకేం తక్కువైందని అడిగాను. "అచ్చం మా అమ్మ లెక్కనే మాట్లాడుతున్నవ్" అని గొణుక్కుంటూ లేచారు. ఆ మాట నాకు తిట్టు కాదు, బిరుదు. ఎందుకో చెప్పాలంటే మా మామ పడిపోయిన ఏడాదికి వెళ్ళాలి.

మహారాష్ట్రలోని చంద్రపూర్ బజారులో మాది బట్టల దుకాణం. నేను వరోరా నుంచి కోడలిగా వచ్చేనాటికే మామ గద్దె మీద స్థిరపడిపోయి ఉన్నారు. గద్దె అంటే ఓ అరుగు, దాని మీద తెల్ల దుప్పటి పరిచిన మందపాటి పరుపు, ఆనుకోవడానికి బాలీసులు. బొగ్గుగనుల ఊరు కనుక పొద్దున వేసిన దుప్పటి సాయంత్రానికి మసిబారేది, మామ మాత్రం కూర్చున్న చోటే ఉండేవారు. చాయ్ అక్కడికే, పాన్ అక్కడికే, చివరికి గడ్డం గీసే మంగలి కూడా అక్కడికే. "నిలబడ్డోడు నౌకరు, కూసున్నోడు సేటు" అన్నది వాళ్ళింట్లో తాతల నాటి మాట. కొత్త ఛానళ్ళు ఒకటొకటిగా ఊళ్ళోకి దిగుతున్న రోజులవి. ఇంటికొస్తే కేబుల్ టీవీ ముందు వాలుకుర్చీ, అన్నం కంచం ఒళ్ళోకి. ఆ కంచం మోసే పని నాది. కోడలు బంగారమని చుట్టాలంటుంటే ఎవరికి చేదు?

ఆ ఎండాకాలం మా ఎదురుగా టీవీల దుకాణం తెరిచారు. అద్దాల వెనక పెద్ద రంగుల టీవీ పెట్టి క్రికెట్ చూపించేవారు. ఓ మధ్యాహ్నం బజారంతా ఒక్కసారి కేక పెట్టింది. ఎంత పెద్ద గిరాకీ వచ్చినా లేవని మామ ఆ కేకకు దిగ్గున లేచారట. పొద్దుటినుంచి మఠం వేసుకున్న కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. గద్దె దిగబోయి కింద కూలబడ్డారు. జానెడు ఎత్తు. చిన్నపిల్లలైతే దులుపుకొని పోయేవారు, మామకు తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ అయింది. మా ఇంటిల్లిపాదికీ తెలివి ఎక్కువ కదా, ఎన్నడూ లేవని మనిషి ఒకసారి లేస్తేనే పడ్డాడు కనుక లేవడమే తప్పని తేల్చేశాం. మంచం చుట్టూ కాపలా కాశాం. కాలు కదిపితే చాలు, నలుగురం "కూసోండ్రి, కూసోండ్రి" అని పరుగెత్తేవాళ్ళం. డాక్టరుగారు చూడవచ్చి మరాఠీలో మా అందరికీ అక్షింతలు వేశారు. లేచినందుకు కాదట, ఏళ్ళకేళ్ళు కూర్చోవడంతో కండ కరిగి, ఎముకలో బలం పోయి పడ్డారట. ఇప్పుడు గనక నిలబడి నడవకపోతే ఇక మంచమే గతి అని చెప్పి, నడిచేందుకు ఓ ఇనుప స్టాండు పెట్టించారు. మామ దాన్ని తాకలేదు. దాని మీద మేం తువ్వాళ్ళు ఆరేసుకున్నాం. ఆయన పిక్కలకు నూనె రాస్తుంటే చేతికి ఎముకే తగిలేది. నాకు నిజంగా భయం వేసింది. మా నాన్నను పోగొట్టుకున్నాక ఆ ఇంట్లో నన్ను "బిడ్డా" అని పిలిచింది ఆయనొక్కరే.

ఓ పొద్దున స్టాండు ఆయన ముందుకు జరిపాను. "ఇది పట్టుకొని తిరిగితే నౌకర్లు నవ్వుతరు బిడ్డా" అన్నారు. అత్తమ్మ గుమ్మంలో నిలబడి బియ్యం చెరుగుతోంది. ఆయన ఎదుట గొంతెత్తని మనిషి చాట కింద పెట్టేసింది.

"నేను గీ ఇంటికొచ్చినకాడికెల్లి నిలబడే ఉన్న. పొయ్యికాడ నిలబడ్డ, నల్లాకాడ నిలబడ్డ. మీరు తినేదాక కూసోలే. గట్లయితే నేను నౌకర్నా? చెప్పుండ్రి."

మామ చాలాసేపు ఆమె పాదాల వైపే చూశారు. తర్వాత స్టాండు మీది తువ్వాలు తీసి నా చేతికిచ్చి, రెండు చేతులతో దాన్ని పట్టుకొని లేచారు. కాళ్ళు గడగడ వణికాయి. నేను పట్టుకోబోతే అత్తమ్మ కళ్ళతోనే ఆపింది. ఆ రోజు నుంచి ఆయన చాయ్ వంటింట్లోనే ఉండేది, కావలసినవారు వచ్చి తాగాలి. మొదట్లో ఆయన వచ్చేసరికి చల్లారిపోయేది. ముఖం చిట్లించి తాగేవారు కానీ వేడి చేయమనలేదు. వానలు పడేనాటికి వేడిచాయే దొరకసాగింది.

దసరా గిరాకీకి మామ చేతికర్రతో దుకాణానికి నడిచి వెళ్ళారు. గద్దె ఎక్కలేదు, కౌంటర్ వెనక నిలబడ్డారు. నేను అన్నం డబ్బా తీసుకెళ్ళేసరికి లాల్‌పేట్ నుంచి వచ్చిన ఒకామె ఆయన్ని పనివాడనుకొని "ఓ కాకా, గా నీలం చీర ఇటు తియ్యి" అంటోంది. మా ఆయన ముఖం ఎర్రబడింది. మామ చేత్తో వారించి, కర్ర పక్కన ఆనించి, చీర తీసి కొంగు విప్పి చూపించారు. ఆమె కొనుక్కుని వెళ్ళింది.

సాయంత్రం ఇంటికొస్తూనే "ఇయ్యాల నాకు నౌకరీ దొరికింది" అన్నారు అత్తమ్మతో.

"మంచిదే. ఇగ నాగా పెట్టకుండ్రి" అందామె, నవ్వు దాచుకుంటూ.

ఆయన నాగా పెట్టలేదు. తర్వాత చాలా ఏళ్ళు బజారంతా ఆయన్ని నడుస్తుండగానే చూసింది. వయసు మీరాక ఇక మిగిలేది రోజులు గడిపేయడమే అనుకునేదాన్ని. మా మామకు మాత్రం మంచికాలం ఆ వయసులోనే వచ్చింది, అదీ పడ్డ తర్వాత.