క్లినిక్‌కి వేసిన రూట్

ఆఫీసులో అతన్ని అందరూ 'పదినిమిషాలు' అనే పిలిచేవాళ్లు. దూరాన ఉన్న ఏ శాటిలైట్ మోడెమ్‌లో వేలు పెట్టాలన్నా, ముందు పది నిమిషాల తర్వాత అది రీబూట్ అయ్యేలా పెట్టుకోవాలన్నది అతని నియమం. మార్పు బెడిసికొట్టి లింకు తెగినా మోడెమ్ తనంతట తానే ఆగి, పాత సెట్టింగులతో లేస్తుంది. అంతా సవ్యంగా ఉంటేనే రీబూట్ రద్దు చేసి సేవ్ చెయ్యాలి. పద్నాలుగేళ్లుగా కొత్తగా చేరిన ప్రతివాడి చెవిలో ఇల్లు కట్టుకుని ఇదే చెబుతూ వచ్చాడు. పెళ్లాంతో మాట్లాడేముందు కూడా రీబూట్ పెట్టుకుంటాడని వెనక నవ్వుకునేవాళ్లు.

ఆ సోమవారం మాత్రం పెట్టుకోలేదు.

అక్క కొండ మీది గని క్లినిక్‌లో నర్సు. కింద ఊళ్లో నాన్న ఆస్పత్రిలో చేరి ఆరు రోజులైంది. పొద్దున ఓ గంట తెలివిలో ఉంటున్నాడు. ఆ గంటసేపూ పెద్దదాన్ని చూపించమనే అడుగుతున్నాడు. కొండ మీద ఫోన్ సిగ్నల్ లేదు, ఉన్న ఒక్క శాటిలైట్ డిష్ గని ఆఫీసు దగ్గర ఉంది. మంచం దిగలేని ఇద్దరు రోగుల్ని వదిలి అక్క అక్కడిదాకా వెళ్లలేకపోతోంది. క్లినిక్‌కి కేబుల్ లాగి నెలైంది గానీ, రూట్ వెయ్యడం, అంటే నెట్‌కి అటు దారి చూపించే లైను మోడెమ్‌లో రాయడం, ఎవరి పనో తేలక ఆగిపోయింది. ఆ డిష్ చూసేది తన ఆఫీసే కాబట్టి ఆ పని అతను నెత్తిన వేసుకున్నాడు.

ఇటువైపు, ఆఫీసులో చెయ్యాల్సిన పని ముందురోజే ముగించాడు. కొండ మీది మోడెమ్‌లో ఒక్క లైను మిగిలింది. ఎనిమిదింటికి అమ్మ ఫోన్ చేసి నాన్న కళ్లు తెరిచాడంది. గబగబా పాత లైను కాపీ చేశాడు. దారి తెలియని ట్రాఫిక్‌నంతా శాటిలైట్‌కి పంపమనే లైను అది. దాని చివర క్లినిక్ రౌటర్ అడ్రసు పెట్టాడు. మొదట్లో ఉన్న, 'అంతా' అని అర్థమిచ్చే సున్నాలు తీసి క్లినిక్ నంబరు వెయ్యడం మరిచాడు. ఒక్క లైనేగా అని రీబూట్ పెట్టలేదు సరికదా, ఆ లైనుతోపాటే సేవ్ కూడా కొట్టాడు. దాంతో కొండ మీది ట్రాఫిక్ మొత్తం డిష్‌ని వదిలేసి క్లినిక్ వైపు మళ్లింది. అతని స్క్రీను కొయ్యబారింది. ఇక అక్కడ ఎవరైనా కరెంటు తీసి పెట్టినా అదే తప్పుతో లేస్తుంది.

"ఇంకా అడుగుతున్నాడ్రా," అంది అమ్మ.

చూస్తున్నానని చెప్పి లాప్‌టాప్ సంచిలో వేసుకున్నాడు. కొండకి ఆరు గంటల దారి. సిగ్నల్ పోయే మలుపు దగ్గర అమ్మ మళ్లీ చేసింది. నాన్న పదకొండింటికి పోయాడట. బండి పక్కకు ఆపాడు. ఏడుపు రాలేదు. ఆ లైనే కళ్లముందు ఆడింది, సున్నాలతో సహా.

ఆ తప్పు అంతటినీ క్లినిక్ వైపే తిప్పింది గనక, ఇప్పుడు క్లినిక్‌లో కేబుల్ గుచ్చినా మోడెమ్ అందుతుంది. అందుకని నేరుగా అక్కడికే వెళ్లాడు. అక్క పొద్దున్నే తల దువ్వుకుని, మందుల బల్ల మీద ఫోన్‌ని సెలైన్ సీసాకి ఆనించి పెట్టుకుంది. తమ్ముణ్ణి చూసి మొహం చాటంత చేసుకుంది. ఇంత చిన్న పనికి దొరగారు స్వయంగా దిగాలా అని వేళాకోళమాడింది. అతను నవ్వలేదు. కేబుల్ గుచ్చి, తప్పు లైను తీసి, పాత శాటిలైట్ లైనూ క్లినిక్ లైనూ రెండూ సరిగ్గా టైపు చేశాడు. ఎంటర్ నొక్కితే చాలు. నొక్కితే ఆ ఫోన్‌లోకి బంధువుల మెసేజీలన్నీ వచ్చి పడతాయి.

"కొట్టరా. నాన్న కళ్లు కాయలు కాసేలా చూస్తుంటాడు."

అతను కీబోర్డు మీంచి చెయ్యి తీశాడు.

"అక్కా, నాన్న పదకొండింటికి పోయాడు. పొద్దుట్నుంచీ నిన్నే అడిగాడంట. లింకు నేనే తెంపాను. చూసుకోకుండా కొట్టేశాను."

ఆమె, లోపల రోగి ఎవరో దగ్గితే వెళ్లి, ఆ రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. తమ్ముడి భుజం మీదుగా వంగి తనే ఎంటర్ నొక్కింది.

"అమ్మకి కలుపు," అంది. "నీతో తర్వాత మాట్లాడతా."

రెండేళ్లైంది. అక్క ఫోన్ చేస్తుంది, పిల్లల చదువులు అడుగుతుంది, అమ్మకి మందులు చెబుతుంది. ఆ పొద్దుటి సంగతి మాత్రం ఎత్తదు. ఫోన్ మోగిన ప్రతిసారీ ఇవాళైనా తిడుతుందేమోనని అతను ఎదురు చూస్తాడు.