రోపు కట్టే మొగిలి

జనగామ దగ్గరి గ్రానైట్ క్వారీలో బండకు ఇనుప రోపు చుట్టి క్రేన్ కొక్కేనికి తగిలించే పని మొగిలిది. యాభై దాటాయి. మాట తక్కువ. రోజూ పొద్దున చేలోంచి తెచ్చిన పిడికెడు పత్తితో రోపును పొడుగునా తుడుస్తాడు. తీగ తెగి మొన పైకి లేచిన చోట పత్తి చిక్కుకుంటుంది. ఆ రోజు తొమ్మిది చోట్ల చిక్కింది. రోపును పక్కన పడేశాడు.

"నాడి చూసినవా డాక్టర్ సాబ్? లారీ ఆగింది, గదే కట్టు," అన్నాడు సూపర్‌వైజర్ జితేందర్.

"తెగుతది సార్. పానం పోతది."

"అయితే ఇంటికి పో. అజహర్ కడతడు."

తోటి కూలీ అజహర్ వంగి రోపు అందుకున్నాడు. మొగిలి కొంచెంసేపు అతణ్ణే చూశాడు. "జర అవతలికి పో తమ్మీ," అంటూ రోపు లాక్కుని తనే కట్టాడు. బండ ఊగకుండా ఒకరు చేయి ఆనించి నిలబడాలి. అందరినీ దూరం పొమ్మని తనే నిలబడ్డాడు. బండ నడుమెత్తు లేచాక రోపు తెగింది.

దవాఖానలో మొగిలి కాలు తీసేసిన మర్నాడు జితేందర్ వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. "అంత ఎరికుండి గూడ, నువ్వే కడితివి గదా అన్నా," అన్నాడు.