రాగి కోతల వారం

మొన్న బెళ్ళందూరు సిగ్నల్ దగ్గర మా ఆటో ఎంతకీ కదలక, ఊసుపోక పక్కకు చూస్తే, ఇద్దరు కుర్రాళ్ళు పేవ్‌మెంటు మీద నడిచిపోతూ కనిపించారు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలు, మెడకు టైలు, జేబు మీద నల్లటి పేరుబిళ్ళ, భుజాన సంచి. ఆటో అతను కూడా చూసి, ఏ కంపెనీవాళ్ళో గానీ పిల్లల్ని ఇంత ఎండలో తిప్పుతున్నారు పాపం అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ కొలువు నేనూ రెండేళ్ళు చేశానని, అదీ ఈ బెంగళూరులోనే మొదలుపెట్టానని చెబితే, ఈ బట్టతల ఇంగ్లీషు మాస్టారిని చూసి అతను నమ్మేవాడు కాదు.

మాది అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ, మమ్మల్ని జనం మోర్మన్లు అంటారు. నా చిన్నప్పుడు మా గోదావరి ఒడ్డు ఊళ్ళో మా సంఘమంతా ఒక అద్దె హాలులో పట్టేది, అందులోనూ వెనక కుర్చీలు ఖాళీగానే ఉండేవి. ఇరవయ్యో ఏట నన్ను మిషనరీగా బెంగళూరు పంపించారు. మీలో చాలామందికి ఆ జీవితం తెలిసే అవకాశం లేదు కనుక కాస్త చెబుతాను. తెల్లవారి ఆరున్నరకు లేవాలి, గ్రంథం చదువుకోవాలి, ఆపైన రోజంతా ఎవరు రమ్మంటే వాళ్ళింటికి వెళ్ళి దేవుడి మాటలు చెప్పాలి. సినిమాలు లేవు, పత్రికలు లేవు, కాఫీ టీలు అసలే లేవు. ఇంటికి ఫోను ఏడాదికి రెండే సార్లు, ఉత్తరం వారానికోసారి, సోమవారం నాడు. అన్నిటికన్నా పెద్ద నియమం, సహచరుణ్ణి విడిచి ఎక్కడికీ వెళ్ళకూడదు. ఇద్దరినీ పెద్దలే జతచేస్తారు, మన ఇష్టంతో పనిలేదు. ఇన్ని కట్టుబాట్ల మధ్య మా పేరుబిళ్ళ మీద ఎల్డర్, అంటే పెద్దవాడు, అని ఉండేది. మీసం సరిగా రాని మమ్మల్ని అలా పిలుస్తుంటే నాకు మొదట్లో నవ్వూ, తర్వాత కొంచెం గర్వమూ కలిగేవి.

నాకు జతపడినవాడు అమెరికాలో బంగాళాదుంపలు పండించే రైతు కొడుకు. గుమ్మం తగలకుండా లోపలికి రాలేనంత పొడగరి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, అతని మీద నాకు అప్పట్లో ఎంత కోపమో. పొద్దున్నే స్నానాలగదిలో గొంతెత్తి పాడేవాడు. పిడికెడన్నం గంటసేపు తినేవాడు. దారిలో కుక్క కనిపిస్తే ఆగేవాడు, ఆవు కనిపిస్తే మరీ ఆగేవాడు. ఇవన్నీ ఓర్చుకున్నాను గానీ, శనివారంనాడు మేం ఉచితంగా చెప్పే ఇంగ్లీషు క్లాసులో అందరి ముందూ నా ఉచ్చారణ దిద్దాడు. ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. సోమవారం ఉత్తరాల వేళకు, మా మిషనరీలందరి మీదా ఉండే మిషన్ పెద్దాయనకు వారం వారం ఇంగ్లీషులో రాసే ఉత్తరంలో, ఇతనితో నా వల్ల కాదు, నన్ను వేరేచోటికి మార్చండి అని రాసేశాను. పాటలు, తిండి, కుక్కలు, ఏదీ వదల్లేదు. రాసి, అతని కళ్ళముందే పోస్టు డబ్బాలో వేశాను. ఎవరికి రాశావని అతను అడగలేదు.

మంగళవారం మామూలుగా గడిచింది. బుధవారం పొద్దున పెద్దాయన స్వయంగా కారులో వచ్చారు. నా ఉత్తరం పనే అనుకుని లేచి నిలబడ్డాను. ఆయన మాత్రం నన్ను దాటి వెళ్ళి నా సహచరుడి భుజం మీద చెయ్యి వేశారు. అతని తండ్రి పొలంలోనే గుండె ఆగి పోయాడట.

ఇంటికి వెళ్ళాలంటే పంపిస్తాం, ఉండాలంటే ఉండవచ్చు, నీ ఇష్టం అన్నారు పెద్దాయన. అతను తల్లితో ఫోనులో మాట్లాడి వచ్చి, ఉంటానన్నాడు. అన్నలిద్దరూ దగ్గరే ఉన్నారట, మొదలుపెట్టిన పని పూర్తిచేసి రమ్మన్నది నాన్న మాటేనని తల్లి చెప్పిందట. ఆ రోజంతా అతను ఏడవలేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ మళ్ళీ కడిగాడు. నియమం ప్రకారం నేను అతని పక్కనే ఉన్నాను. రెండు రోజుల క్రితం అతన్ని వదిలించుకోవాలని రాసిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గురువారం వర్తూరులో ఒక అవ్వ ఇంటికి వెళ్ళవలసి ఉంది. మానేద్దామంటే అతనే పదమన్నాడు. అప్పటి వర్తూరు ఇప్పటి వర్తూరు కాదు. చెరువు కింద రాగి చేలు, గడ్డివాములు, పగటిపూట అరుదుగా వచ్చే బస్సు. తరాల కింద అక్కడ స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం వాళ్ళది. కోడలు మా ఇంగ్లీషు క్లాసుకు వచ్చేది, ఆవిడే మమ్మల్ని మొదటిసారి ఇంటికి పిలిచింది. ఆ మొదటి రోజు అవ్వ మా చొక్కాలూ బిళ్ళలూ చూసి, "ఏమప్పా, కరెంటాఫీసోళ్ళా? మీటరు ఆ గోడ పక్క ఉండాది చూడు" అంది. కాఫీ వద్దన్నందుకు చాలా నొచ్చుకుంది. దేవుడి మాటలు చెబితే శ్రద్ధగా విని, చివర్లో మీ దేవుడూ బాగుండాడు, మా దేవుడూ బాగుండాడు, మజ్జిగ తాగండి అనేది. నా కోస్తా తెలుగు ఆవిడకు వింత, ఆవిడ కన్నడం కలిసిన తెలుగు నాకు తియ్యన.

ఆవేళ గుమ్మంలోనే అతని ముఖం చూసి నన్ను పక్కకు పిలిచింది. చెప్పాను.

"నిన్ననే తెలిసిందంటివే, తలకు నీళ్ళన్నా పోసుకున్నాడా?" అంది.

వాళ్ళలో ఆ ఆచారం లేదవ్వా అన్నాను.

"వాళ్ళకు లేకుంటే మనకుండాది కదప్పా. నాయన పోయినోడు, ఇంటికొచ్చినాడు, ఉత్త చేతులతో ఎట్ల పంపేది?"

పెరట్లో నీళ్ళ కాగు కింద మంట వేసింది. నేను అతనికి విషయం వివరించాను. వద్దంటాడేమో, మా నియమాలకు ఒప్పుతుందో ఒప్పదో అని నేను లోలోపల తటపటాయిస్తూనే ఉన్నాను. అతను టై విప్పి నా చేతికిచ్చాడు. అవ్వ కొడుకు పంచె కట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా, పెరట్లోని చిన్న బండరాయి మీద కూర్చున్నాడు. ఆవిడ చెంబుతో తల మీద నీళ్ళు పోస్తూ, మా ఊళ్ళో పెద్దవాళ్ళు పసిపిల్లలకు పోసేటప్పుడు చేసినట్టే, కళ్ళలో పడకుండా నుదుటికి అరచెయ్యి అడ్డంపెట్టింది. మూడో చెంబుకు అతని భుజాలు కదలడం మొదలుపెట్టాయి. వెక్కి వెక్కి ఏడ్చాడు. అవ్వ ఓదార్చలేదు, ఆపమనలేదు, కాగులో నీళ్ళు అయిపోయేదాకా పోస్తూనే ఉంది.

తర్వాత సంగటి పెట్టి, వాళ్ళు కాలుస్తారా పూడుస్తారా అని నన్నడిగింది. పూడుస్తారు, వాళ్ళ పొలం దగ్గరే అన్నాను. "మన్నే కదా. యాడైనా మన్నేలేప్పా" అంది. ఏమంటోందని అతను అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. కాసేపు తలూపి, చెరువు కింద కోతకొచ్చిన రాగిచేను ఎవరిదని అడిగాడు.

శుక్రవారం మేమిద్దరం పాతబట్టలు వేసుకుని అవ్వ కొడుకు వెంట ఆ చేలోకి దిగాం. నేను రైలు గార్డు కొడుకుని, కొడవలి పట్టడం అదే మొదలు. పావుగంటలో వేలు కోసుకుని, అతను గుడ్డ చుట్టాక, గట్టెక్కి కూర్చున్నాను. కూర్చుని అతన్ని చూశాను. అంత పొడుగు మనిషీ నడుం వంచి, ఒక్క కంకి నేల రాలకుండా, కూలీలతో సమానంగా సాలు వెంట సాగిపోతున్నాడు. ఆడవాళ్ళు నవ్వుతూ ఏదో అంటే తెలియకపోయినా తనూ నవ్వుతున్నాడు. ఆరు వారాలుగా ఒకే గదిలో ఉన్నాం, ఇతనికి ఏం వచ్చో నేను ఒక్కసారీ అడగలేదే అనిపించింది. నా ఉచ్చారణ దిద్దడం కూడా, నా వేలికి ఇందాక గుడ్డ చుట్టినట్టే, సాయమనుకుని చేసి ఉంటాడని అప్పుడు తట్టింది.

ఆ సాయంత్రం ఊళ్ళోని ఎస్టీడీ బూతులోంచి పెద్దాయనకు ఫోను చేశాను. అతను అద్దం తలుపు బయట నిలబడి ఒక కుక్క చెవులు నిమురుతున్నాడు. నా ఉత్తరం మరిచిపోండి, నన్ను ఇక్కడే ఉంచండి అని గొంతు తగ్గించి బతిమాలాను. పెద్దాయన కోప్పడలేదు. ఇది అతని కోసమా, నీ మనసు తేలికపడటం కోసమా అని మాత్రం అడిగారు. నేను అద్దంలోంచి అతని వైపు చూశాను. మార్పులు నిన్ననే ఖాయమయ్యాయి, నీ చోటికి వచ్చేవాడు బయలుదేరాడు కూడా అన్నారు. శనివారం కబురు రానే వచ్చింది. సోమవారం నేను కోయంబత్తూరు వెళ్ళాలి.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఇంటికి నడిచి వస్తూ, అతనికి అంతా చెప్పేశాను. ఈ మార్పు నేను అడిగి తెచ్చుకున్నదే అన్నాను. అతను నడక ఆపలేదు.

"తెలుసు" అన్నాడు, తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో ఒకటి వాడి.

నేను సోమవారం రాసిన ప్యాడ్ మీదే అతనూ తల్లికి ఉత్తరం రాశాడట. గట్టిగా నొక్కి రాసే అలవాటు నాది. కింది కాగితం మీద అక్షరాలన్నీ అచ్చుగా దిగాయి.

మరి నన్ను అడగలేదేం అన్నాను. అడగడానికేముంది, నువ్వు రాసింది అబద్ధం కాదుగా అన్నాడు ఇంగ్లీషులో. రెండడుగులు వేశాక, మంగళవారం నుంచీ నేను పాడటం మానేశాను, నువ్వు గమనించలేదు అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, అదే నన్ను కుంగదీసింది. ఆ నిశ్శబ్దం తర్వాత తెలిసినా, తండ్రి పోయిన దుఃఖమని అనుకున్నాను. తండ్రి కబురు వచ్చింది బుధవారం. అంతకు ముందురోజు పొద్దున ఆ స్నానాలగది మూగగా ఉన్నది నా కోసం.

నేను రోడ్డు మీదే నిలబడి ఏడిస్తే, అతను నా చేతిసంచి తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. మరునాడు స్టేషనులో, రైలు కదిలేదాకా కిటికీ కమ్మీ పట్టుకుని, కోయంబత్తూరులో ఇడ్లీ బాగుంటుందటగా, నెమ్మదిగా తిను అన్నాడు. తర్వాత కొన్నేళ్ళు ఉత్తరాలు నడిచాయి. తండ్రి పొలమే చేసుకుంటున్నాడని, ఇద్దరు ఆడపిల్లలని రాశాడు. ఎవరి సంసారంలో వాళ్ళం పడి, ఎవరు ముందు మానేశామో కూడా గుర్తులేకుండా ఆ ఉత్తరాలు ఆగిపోయాయి.

ఇప్పుడు మా సంఘంలోని మిషనరీ పిల్లలు వారం వారం తల్లి ముఖం ఫోనులో చూసుకుంటున్నారు. మంచిదే, ఆ తల్లులు రెండేళ్ళపాటు తపించిపోనక్కరలేదు. వర్తూరులో రాగిచేలున్న చోట అపార్ట్‌మెంట్లు లేచాయి, అవ్వ పోయి చాలా ఏళ్ళయింది, ఆ ఇల్లు ఏ వీధిలో ఉండేదో నిరుడు వెతికినా నాకు దొరకలేదు. మన కాలమే గొప్పదని నేననను. కానీ పడని మనిషితో ఒకే గదిలో ఉండి తీరవలసిన అగత్యం ఆనాడు మనకుండేది. ఇప్పుడు విసుగు పుడితే తలుపు మూసుకోవచ్చు, ఫోనులో తల దూర్చుకోవచ్చు, నంబరు తీసేయవచ్చు. ఆ సుఖం నాకూ అలవాటైంది. అయినా ఎవరైనా పక్కనే ఉండి నా కోసం ఏదైనా మానుకుంటే, ఇంత సందడిలో ఆ నిశ్శబ్దం నాకు ఇప్పుడైనా వినబడుతుందా అని అప్పుడప్పుడు అనుకుంటాను.