సార్ చూసేదాకా తుడవని ఫోల్డరు

మంగళవారం పొద్దున పదకొండు గంటలప్పుడు సార్ భార్య ఫోన్ చేసింది. ఆమెను నేను అక్కా అని పిలుస్తాను. "చెల్లె, మీ సారు పోయిండు. పొద్దుగాల చాయ తాగిండు, మంచిగనే మాట్లాడిండు. నర్సు వచ్చి చూసేవరకే లేడు" అన్నది. గొంతులో ఏడుపు లేదు. పది రోజులుగా దవాఖాన బల్ల మీద పడుకుని లేస్తున్న మనిషి గొంతు అది. "వస్తున్న అక్కా" అని మాత్రం అన్నాను.

అన్నానే గాని వెంటనే లేవలేదు. నా ముందు కంప్యూటర్‌లో ఒక ఫోల్డరు పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కు వెళ్తూ ఉంది. ఇంకా ఇరవై పేజీల దాకా ఉన్నాయి. నడుస్తున్న దాన్ని మధ్యలో ఆపవద్దని ఆయనే నేర్పారు. అది అయ్యేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చావు కబురు విని కూడా కుర్చీలోంచి లేవలేదేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. సార్‌కైతే తెలుస్తుంది.

నేను వరంగల్‌లో ఒక చర్చి ఆఫీసులో పని చేస్తాను. పదో తరగతి దాకా చదివాను. చుట్టుపక్కల పల్లెల్లో మా సంఘాలున్నాయి. ఎవరికి బాప్తిస్మం ఇచ్చారు, ఎవరి పెళ్ళి జరిగింది, ఎవరిని సమాధి చేశారు అన్నవి ఊరుకొక రిజిస్టరులో రాసి ఉంటాయి. ఏదో ఒక పని మీద ఆ కాగితం కావాలని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఒక వానాకాలం ఆఫీసు గదిలోకి నీళ్ళు వచ్చి రిజిస్టర్లన్నీ అట్టలు కట్టిపోయాయి. అంతకుముందే పేజీ పేజీ స్కాన్ చేసి సర్వర్‌లో పెట్టించి ఉన్నందువల్ల పేర్లు బతికాయి. ఇప్పుడు మాకున్నవి ఆ స్కాన్లు మాత్రమే.

అవి పెట్టించింది సార్. డోర్నకల్‌లో రైల్వే సిగ్నల్ సెక్షన్‌లో పని చేసి రిటైరయ్యారు. ఆదివారం ఆరాధనకు వచ్చి చివరి బెంచీలో కూర్చునేవారు. అద్దాలు నుదుటి మీదికి తోసి, వేడి చాయ సాసర్‌లో పోసుకుని, చల్లారేదాకా దాన్నే చూసేవారు. పాత క్యాలెండర్ కాగితాల వెనక పెన్సిల్‌తో అంకెలు రాసేవారు. ఎవరూ పిలవకుండానే ఆఫీసుకు వచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నారు.

మొదటి రోజు నేను ఆ తెర చూసి భయపడ్డాను. ఎడమ పక్క ఒక వరుస, కుడి పక్క ఒక వరుస, అన్నీ ఫోల్డర్ల పేర్లు. సార్ నవ్వారు.

"చెల్లె, సర్వర్ అంటె మన బీరువ వేరేటోళ్ళ ఇంట్ల ఉన్నట్టు. ఆ ఇల్లు ఏడున్నదో నీకు ఎరుక లేదు, నాకు ఎరుక లేదు. తాళంచెయ్యి మన తాన ఉన్నది. ఈడ కూసోని ఆడ సర్దాలె, గంతే."

"ఆడోళ్ళకు అచ్చేదేనా సార్ ఇది?"

"ఎవలింట్ల బీరువ ఎవలు సర్దుతాండ్రు? మొగోళ్ళు సర్దంగ నువ్వేడన్న సూసినవా?"

జరపడంలో రెండు రకాలున్నాయని ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఒకే సర్వర్‌లో ఈ ఫోల్డరులోంచి ఆ ఫోల్డరులోకి జరిపితే క్షణంలో అయిపోతుంది, ఎందుకంటే నిజానికి కదిలేదేమీ ఉండదు. "యార్డుల వ్యాగన్ ఉన్నకాన్నే ఉంటది. దాని మీద ఊరి పేరున్న చీటి మారుస్తం. గట్లన్నట్టు." ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు పంపడం మాత్రం వేరు. "అప్పుడు సరుకు దింపాలె, ఇంకో వ్యాగన్ల ఎక్కియ్యాలె. తప్పిపోయేదంత ఆడనే."

అందుకని ఆయన పద్ధతి ఒకటే. ముందు కాపీ పంపాలి. పాతది పాత చోటే ఉండాలి. కొత్త చోట ప్రతి పేజీ తెరిచి కింది అంచు దాకా చూడాలి, లెక్కపెట్టాలి. ఆ తర్వాతే పాతది తుడవాలి. తెర కింద ఫైళ్ళ అంకె ఒకటి దానంతట అదే కనబడుతుంది గాని, సగం వచ్చిన పేజీని కూడా అది ఒక పేజీగానే లెక్కేస్తుంది. సార్ దాని మొహం చూసేవారు కాదు. "పోయిందా అని అడుగకు చెల్లె, చేరిందా అని అడుగు" అనేవారు.

ఇంత చెప్పినా నేను తప్పు చేశాను. మాకు సర్వర్ కిరాయికి ఇచ్చిన పాత కంపెనీ వాళ్ళు దాన్ని మూసేస్తామని చెప్పడంతో అన్నీ కొత్తదానికి మార్చే పని మొదలైన నెల అది. మా ఆఫీసులో ఒక నియమం ఉంది. శనివారం సాయంత్రం చర్చి గంట కొట్టగానే కరెంటు మెయిన్ ఆపేసి తాళం వేయాలి. ఆదివారం ఆఫీసు పని ఉండదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ మెయిన్ ఆపుతున్నది నేనే. ఆ రోజు మోకాళ్ళు లాగుతున్నాయి. ఒక పల్లె పెళ్ళిళ్ళ రిజిస్టరు మిగిలింది. కాపీ పంపి, చూసి, మళ్ళీ తుడవడం ఎందుకులే అని, అక్కడ తీసేసి ఇక్కడ పెట్టే మీట నొక్కాను. ఫైళ్ళు మా కంప్యూటర్ మీదుగానే వెళ్తాయి. అవి వెళ్తుండగా గంట మోగింది. చెయ్యి దానంతట అదే లేచి మెయిన్ ఆపింది. ఇంటికి వెళ్ళి వంట చేసి, బైబిలు వాక్యం చదువుకుని పడుకున్నాను.

మర్నాడు ఆరాధనలో మూడో పాట పాడుతుంటే గుర్తుకొచ్చింది. పాట ఆగిపోయింది నాకు. బయటికి వచ్చాక సార్‌తో చెప్పాను, జరిపే మీట నొక్కిన సంగతి మాత్రం మింగేశాను.

"రేపు చూద్దాం తియ్యి. కరెంటు లేంది అదేడికి పోతది" అన్నారు.

సోమవారం ఆయన కంటే ముందే వెళ్ళి తెర తెరిచాను. కొత్త సర్వర్‌లో ఆ పల్లె పేరుతో ఫోల్డరు కనబడింది. ప్రాణం లేచి వచ్చింది. పాత చోట కూడా అదే ఫోల్డరులో కొన్ని పేజీలు మిగిలి ఉన్నాయి. అవి చూస్తే నేను చేసింది సార్‌కు తెలిసిపోతుంది. ఫోల్డరు వచ్చింది కదా, అన్నీ వచ్చే ఉంటాయనుకుని పాతదాన్ని తుడిచేశాను. ఫోల్డరు ముందు వెళ్తుందని, లోపలి పేజీలు ఆ తర్వాత ఒక్కొక్కటే వెళ్తాయని నాకు తెలియదని కాదు. సిగ్గు ముందు ఆ తెలివి పని చేయలేదు.

సార్ వచ్చారు, లెక్కపెట్టారు. తొమ్మిది పేజీలు లేవు. ఒక పేజీ సగం దాకా వచ్చి, కింద బూడిద రంగుగా ఉంది. అద్దాలు నుదుటి మీదికి తోసుకుని పాత చోట వెతికారు, అక్కడ ఆ ఫోల్డరే లేదు. పాత కంపెనీ వాళ్ళకు ఫోన్ చేస్తే తుడిచినవి తిరిగి రావన్నారు. నేను అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు.

"అయ్యగారికి నువ్వే చెప్పు. నేను పక్కపొంటి నిలవడ్త" అన్నారు. పాస్టరు గారికి చెప్తున్నంతసేపూ నిజంగానే నా పక్కన నిలబడ్డారు.

తర్వాత ఆ పల్లెకు వెళ్దామన్నారు. హసన్‌పర్తి దాటాక బస్సు దిగి కొంత దూరం నడవాలి. ఆయనకు అప్పటికే ఆయాసం. నాలుగైదు శనివారాలు తిరిగాం. పోయిన పేజీల్లో ఎవరెవరి పెళ్ళిళ్ళున్నాయో ఇల్లిల్లూ అడిగి రాసుకోవడం పని. ఒక ముసలమ్మ మిరపకాయలు ఆరబోస్తూ మాట్లాడింది. మంచంలో ఆమె భర్త.

"నీ పెండ్లి ఏ యాడాది అయింది పెద్దమ్మా?" అన్నాను.

"యాడాది నాకేం ఎరుక బిడ్డా. మా బర్రె దూడను ఏసిన యాడాది."

"సాచ్చి సంతకం ఎవలు వెట్టిండ్రు?" అన్నారు సార్.

"పెట్టినాయిన మమ్ముల ముడేసి, తాను సల్లగ భూమిల వన్నడు. ఏందయ్యా, మీ కాయితం పోయిందంటె నా పెండ్లి గానట్టేనా? గట్లయితె మంచిదే. ఈ ముసలోన్ని ఈడ్నె ఇడిశి నీ ఎంట బస్సెక్కుత."

మంచంలోంచి ముసలాయన, "జర ఎక్కియ్యి సారూ, పుణ్యముంటది" అన్నాడు. సార్ నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుని గడపలో కూర్చున్నారు.

ఏడు పేజీల పేర్లు దొరికాయి. మూడు పేజీలవి దొరకలేదు. ఆ మూడింటికి మూడు తెల్ల కాగితాలు తీయమన్నారు.

"ఖాళీగ ఇడిస్తె రేపటోళ్ళు పేజీనే లేకుండె అనుకుంటరు. ఉండె, పోయింది అని రాయాలె."

పెన్ను తీసుకుని ఆయనే రాశారు. 'ఈ పేజీ మా చేతుల్లో పోయింది.' తప్పు నాది. మా అని రాశారు. ఆ కాగితాలను కూడా స్కాన్ చేసి వాటి స్థానంలో పెట్టాం.

అప్పటినుంచి ఇంకో నియమం చేర్చారు. పంపినవాళ్ళు తుది లెక్క చూడకూడదు, రెండో మనిషి చూడాలి. "పంపినోళ్ళకు చేరినట్టే కనవడ్తది చెల్లె. అది కండ్ల తప్పు గాదు, మనసు గట్లుంటది." నేను పంపేదాన్ని, ఆయన చూసేవారు. ఆయన చూసేదాకా పాత చోట ఒక్క ఫోల్డరు కూడా తుడవలేదు. పాత చోట వదిలేసి రావడం కూడా ఒప్పుకోలేదు. "కిరాయి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మన వాళ్ళ కాయితాలు వాళ్ళ అటక మీద ఇడిశిపెట్టి వస్తమా?"

ఆయన దవాఖానలో చేరేసరికి ఒక్క ఫోల్డరు మిగిలింది, మా ఊరి చర్చి పెళ్ళిళ్ళ రిజిస్టరు, ఎనభై నాలుగు పేజీలు. మంగళవారం నేను పంపుతున్నది అదే. బుధవారం సమాధి కార్యక్రమం అయ్యింది. గురువారం ఒంటరిగా కూర్చుని పేజీలన్నీ తెరిచి చూశాను. అన్నీ ఉన్నాయి. అదే రోజు పాత కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. "మేడం, శనివారంతో క్లోజ్ అయితది. తర్వాత మాతోని ఏం కాదు." తుడవడానికి చెయ్యి రాలేదు, వదిలేయడానికి మనసు రాలేదు. నాకు చాలా అలసటగా ఉంది. రెండో మనిషి ఎవరు? పాస్టరు గారు ఊళ్ళో లేరు. స్వీపరమ్మకు అంకెలు రావు.

ఆ సాయంత్రం, ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూడికకు సార్ ఇంటికి వెళ్ళాను. అందరూ లేచాక అక్క పక్కన కూర్చుంటే, "చెల్లె, ఆ పని అయిందా? దవాఖానల గూడ అదే అడుగుడు" అన్నది. ఉన్నది చెప్పాను.

"నేనొస్త" అన్నది.

"ఇప్పుడా అక్కా? నీకెందుకు కష్టం."

"ఇంట్ల అందరు నన్ను పండుకో, పండుకో అంటాండ్రు. పండుకుంటె ఏమొస్తది? నేను ఏడో తరగతి దాక చదివిన. ఎనభై నాలుగు లెక్కవెట్టరాదా?"

శుక్రవారం పొద్దున ఆటోలో వచ్చింది. చీర కొంగు తల మీదికి కప్పుకుని తెర ముందు కూర్చుంది. నేను ఒక్కొక్క పేజీ తెరిచాను. పై నుంచి కింది దాకా చూసి, మూసేశాక కుడి పక్క కొత్త సర్వర్ వరుసలో దాని పేరు మీద వేలు ఆనించి అంకె చెప్పేది. నడుమ ఒకసారి లెక్క తప్పి మొదటికొచ్చింది. మొదటి పేజీ మళ్ళీ తెరిచాను. ఒక పేజీలో ఏదో పేరు చూసి, "వీళ్ళ పెండ్లికి మేము పోయినం. కూరల ఉప్పు లేకుండె" అన్నది. ఆ నాలుగు రోజుల్లో ఆమె మొహంలో మొదటిసారి ఏదో కదిలింది.

యాభై ఏడో పేజీ దగ్గర ఆగిపోయింది.

"చెల్లె, దీనికి కింద ఏం లేదు గదా."

చూశాను. సంతకాలుండే చోట, కిందంతా బూడిద రంగు. ముందు రోజు ఇదే పేజీని నేను తెరిచాను, ఇదే అంచు దాకా చూశాను. నాకు నిండుగానే కనబడింది. పాత చోటికి వెళ్ళి చూస్తే ఆ పేజీ చెక్కుచెదరకుండా ఉంది. నల్ల సిరా సంతకాలు, రెండు వేలిముద్రలు, అన్నీ ఉన్నాయి. మళ్ళీ పంపాను. వచ్చాక అక్క వేలిముద్రల దాకా చూసి, "ఆఁ, ఇప్పుడు చేరింది" అన్నది.

మిగతావి కూడా అయ్యాయి. ఎనభై నాలుగు.

"ఇగ తుడువు" అన్నది.

పాత ఫోల్డరు మీద నొక్కాను. తుడిచేయాలా అని కంప్యూటర్ ఒకసారి అడిగింది, అవునని నొక్కాను. ఎడమ పక్క పాత సర్వర్ వరుస మొత్తం పోయి తెర సగం తెల్లగా అయింది. ఆటోవాడు బయట హారన్ కొడుతున్నాడు. అక్క మెల్లగా లేచి, గోడ పట్టుకుని చెప్పులు వేసుకుని వెళ్ళింది.

నేను తెర ఆపేశాను. తుడవక చాలా రోజులైన గాజు అది. నల్లబడ్డ తెర మీద, కిటికీలోంచి పడుతున్న వెలుతురులో, కుడి పక్కన ఆమె వేలి గుర్తులు పై నుంచి కింది దాకా ఒకదాని కింద ఒకటి వరుసగా కనిపిస్తున్నాయి.