సుందరత్త చెప్పిన సాక్ష్యం

జ్ఞానసుందరిది నౌపడ. తండ్రి ఉప్పుమళ్ళలో పనిచేసేవాడు. పదహారేళ్ళప్పుడు శ్రీకాకుళం దగ్గర ఒక మిషను ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనికి వచ్చింది. నర్సమ్మలు చదువు చెప్పారు. చేతిరాత ముత్యాల్లా కుదిరేసరికి రోగుల చీట్లు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడే ముప్పయ్యేళ్ళు గడిచాయి. కంప్యూటర్లు వచ్చాక, నలభై ఏడో ఏట, ఒక్క వేలితో టైపు నేర్చుకుంది. ఆ వేలంటే ఆమెకి కాస్త గర్వం కూడాను.

ఆసుపత్రిలో చిన్నా పెద్దా ఆమెను సుందరత్తా అనే పిలుస్తారు. వచ్చిన ముసలమ్మ కంగారులో తన పేరు చెప్పలేక తడబడితే, "పోయినేడు తుంటి ఇరిగి వచ్చినావు కాదేటి, కూర్మమ్మవి" అని అత్తే గుర్తుచేస్తుంది.

సూపరింటెండెంటు పద్మకుమారి డాక్టరమ్మది మనసు వెన్న, నోరు మాత్రం నిప్పు. 2016లో ఎక్స్‌రే ఇమ్మానుయేలు ఏదో పాడు మెయిల్ తెరిచానని తనంతట తానే వచ్చి చెబితే, వరండాలో రోగుల ముందు నిలబెట్టి దులిపేసింది. కంప్యూటర్లు చూసే ఆనంద్‌కుమార్ "ఏది నొక్కినా నాకు సెప్పండమ్మా, నాను తిట్టను" అని ఎంత బతిమాలినా, ఆ రోజు నుంచి ఎవరికీ నోరు పెగల్లేదు. తిట్టేది అతను కాదు కదా!

2017 జూన్‌లో ఒక శుక్రవారం పొద్దున్నే డాక్టరమ్మ పేరుతో మెయిల్ వచ్చింది. స్త్రీల సమాజం సభ ఫోటోలట. ఆవిడ ఫోటోలు పంపే మనిషి కాదే అని జ్ఞానసుందరికి వింతగా తోచింది. కానీ ఫోన్ చేసి "ఇది మీరే పంపారా?" అని అడిగే ధైర్యం ఆ భవనంలో ఎవరికుంది? నొక్కేసింది. ఫోటోలు రాలేదు. రోగుల పేర్లున్న ఫైళ్ళు ఒక్కొక్కటే పిచ్చి అక్షరాలుగా మారిపోసాగాయి.

అప్పుడే ప్రార్థన గంట కొట్టారు. తెర ఆర్పేసి వెళ్ళి అందరితో పాటు కూర్చుంది. ఆ బల్ల తప్ప ఆమెకి వేరే లోకం లేదు. అది పోతే ఎలా బతకాలో ఊహకే అందలేదు. పాట అయ్యాక, సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని ఎప్పటిలాగే అడిగారు. మోకాలి నొప్పి తగ్గిందనో, మనవడు పుట్టాడనో రోజూ ఎవరో ఒకరు లేచి చెబుతారు. ఆ రోజు జ్ఞానసుందరి లేచింది.

"నాను తప్పు సేసినాను. ఏదో మెయిల్ తెరిసినాను. రోగుల పేర్లన్నీ తినేస్తన్నాది. నన్ను తీసెయ్యండి గానీ, ముందు దాన్ని ఆపండి బాబూ!"

ఆనంద్‌కుమార్ కోమట్ల అబ్బాయి. ప్రార్థన వేళ చేతులు కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడతాడు. మాట పూర్తవకముందే పరిగెత్తి తీగలన్నీ పీకేశాడు. రొప్పుతూ తిరిగొచ్చాడు.

"నీ కంప్యూటరొక్కటే పోయినాది అత్తా. మిగతావన్నీ ఉన్నాయి. ఇంకో పావుగంటయితే ఏటీ మిగల్దు." డాక్టరమ్మ వైపు చూడకుండానే, "ఆ మెయిల్ డాక్టరమ్మ గారి పేరుతో వచ్చినాది" అన్నాడు.

అందరూ తలలు దించుకున్నారు. పద్మకుమారి లేచి నిలబడింది.

"బుధవారం నాకూ అలాంటిదే వచ్చింది. తెరిచి పాస్‌వర్డ్ కూడా కొట్టాను. తప్పు జరిగిందని ఆ క్షణమే తెలిసింది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. అందుకే ఇవాళ నా పేరు పెట్టుకుని అది సుందరి దగ్గరికొచ్చింది." ఇమ్మానుయేలు వైపు చూసింది. "ఆ రోజు నిన్ను అన్ని మాటలు అనకుండా ఉంటే, నాకూ నోరొచ్చేదేమో నాయనా."

నిప్పులాంటి ఆ గొంతు వణకడం అందరూ మొదటిసారి విన్నారు. జ్ఞానసుందరికి తన భయం ఎటుపోయిందో తెలియలేదు. గుండె నిండా జాలి పొంగింది. బెంచీలు తప్పించుకుంటూ వెళ్ళి, ఇన్నేళ్ళుగా దూరం నుంచే దండం పెట్టిన మనిషి చెయ్యి పట్టుకుంది. 'మీరు' అనడం కూడా మరిచిపోయింది.

"కూకో తల్లీ. సెప్పేసినావు కదా, ఇంకేటి బయం?"